స్లీవ్ ఆపరేషన్ తర్వాత మూడో వారంలో పశ్చాత్తాపం కలగడం సహజమేనా?

రాయగడ నుంచి మీరు రాసిన ప్రశ్నను రెండుసార్లు చదివాను. విశాఖపట్నంలో స్లీవ్ ఆపరేషన్ (బరువు తగ్గడానికి కడుపును కోసి చిన్నది చేసేది) జరిగి 22 రోజులైందనీ, మొదట్లో గబగబా తగ్గిన బరువు వారం రోజులుగా కదలడం లేదనీ, వంటింట్లోంచి పోపు వాసన వస్తే ఏడుపు వస్తోందనీ, చేజేతులా తప్పు చేసుకున్నానేమోనన్న ఆలోచనతో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదనీ, వచ్చే నెలలో ఆడపడుచు పెళ్లికి వెళ్తే చుట్టాలకు ఏమని చెప్పాలో తోచడం లేదనీ రాశారు. నేను వైద్యురాలిని కాను; పర్లాకిమిడిలో ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెప్పే పంతులమ్మను. 2022 ఫిబ్రవరి చివర్లో, 41వ ఏట, 112 కిలోల బరువుతోనూ షుగరు, బీపీలతోనూ ఇదే ఆపరేషన్‌ను విశాఖపట్నంలోనే చేయించుకున్నాను. కాబట్టి ఇక్కడ రాసేది నా ఒంటికీ మనసుకూ జరిగినదీ, ఆ తర్వాత చూపించుకోవడానికి వెళ్లిన ప్రతిసారీ వైద్యులను అడిగి తెలుసుకున్నదీ మాత్రమే. మందుల విషయంలో మీ వైద్యుల మాటే వినండి.

పశ్చాత్తాపం నాకూ కలిగింది, అదీ సరిగ్గా మూడో వారంలోనే. ఆసుపత్రి వరండాలో వంతు కోసం కూర్చున్నప్పుడు పరిచయమైన వాళ్లలో చాలామంది ఇదే మాట చెప్పారు. మొదటి మూడు నెలల్లో "చేసింది తప్పా, ఒప్పా" అని తేల్చుకోవడానికి కూర్చోకూడదని నా గట్టి అభిప్రాయం. లెక్క సగంలో ఉండగానే తప్పొచ్చిందని పలక తుడిచేసే పిల్లలను నేను రోజూ చూస్తుంటాను. ఆపరేషన్ అయిన 19వ రోజున నేను చేసింది కూడా అదే.

ఆ రోజు ఆదివారం. అందరూ భోజనానికి కూర్చున్నారు, నేను వడ్డిస్తున్నాను. గిన్నె అంచుకు అంటుకున్న పప్పన్నం ముద్దను, ఇరవై ఏళ్ల అలవాటు చొప్పున, వేలితో తీసి నోట్లో వేసుకున్నాను. అది ఉసిరికాయంత కూడా ఉండదు. నమిలానో లేదో గుర్తు లేదు. రెండు నిమిషాల్లో రొమ్ము ఎముక వెనుక ఎవరో బొటనవేలితో నొక్కిపట్టినట్టయింది, నోట్లో లాలాజలం తీగలు తీగలుగా ఊరింది, పెరట్లో కుళాయి గట్టు పట్టుకుని అరగంటసేపు తెల్లటి నురగ కక్కాను. నొప్పి కంటే, లోపల కంచాల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోవడం నన్ను ఎక్కువ కుంగదీసింది. కుట్లు ఊడిపోయాయన్న భయంతో ఆసుపత్రికి ఫోను చేస్తే, ముద్ద ఇరుక్కుని ఉంటుందనీ, ఒక రోజంతా మళ్లీ ద్రవాల మీదే ఉండమనీ, జ్వరం వచ్చినా, నాడి వేగంగా కొట్టుకున్నా, కడుపు నొప్పి పెరుగుతున్నా క్షణం ఆగకుండా బయలుదేరి రమ్మనీ చెప్పారు. ముద్ద జారిపోయింది. కానీ ఆ రాత్రి నేను మంచం మీద పడుకుని, డబ్బిచ్చి మరీ నా అన్నాన్ని నేనే పోగొట్టుకున్నానని ఏడ్చాను.

ఆపరేషన్‌కు ముందు మా అత్తగారు అన్న మాట ఒకటుంది: "కడుపు మాడ్చుకున్నోళ్లని చూసేను గానీ, కడుపు కోయించుకున్నోళ్లని చూళ్లేదమ్మా." ఆ మాటకు నేను నెల్లాళ్లు ఆవిడతో ముభావంగా ఉన్నాను. ఆ ఆదివారం సాయంత్రం ఆవిడే బీరువాలోంచి మా వారి చిన్నప్పటి వెండి ఉగ్గుగిన్నె తీసి, చింతపండు పెట్టి తోమి, ఏమీ మాట్లాడకుండా నా మంచం పక్కన పెట్టి వెళ్లారు. అందులో ఎంత పడుతుందో మందు సీసా మూతతో కొలిచి చూశాను. రెండు మూతలు, అంటే 30 మిల్లీలీటర్లు. పావుగంటకు ఒక గిన్నె చొప్పున, గిన్నె ముక్కు నుంచి చుక్క చుక్కగా తాగితే గంటకు 120. పదమూడు గంటలు మెలకువగా ఉంటే 1,560 మిల్లీలీటర్లు. రోజుకు కనీసం లీటరున్నర ద్రవాలు లోపలికి వెళ్లాలని ఆసుపత్రివాళ్లు మొత్తుకున్న లెక్క నాకు ఆ గిన్నెతోనే కుదిరింది. అంతకు ముందు సీసాతో తాగుతూ రోజుకు ముప్పావు లీటరు కూడా దాటలేదు. నాలుగు రోజుల్లో తలనొప్పి, మధ్యాహ్నం వచ్చే ఏడుపు, రెండూ సగానికి సగం తగ్గాయి. మీ దిగులులో దాహం వంతు ఎంతో ముందు తేల్చుకోమని ఇంత వివరంగా రాస్తున్నాను.

అసలు లోపల ఏం జరిగిందో ఒకసారి మనసులో బొమ్మ కట్టుకుంటే భయం తగ్గుతుంది. స్లీవ్‌లో జీర్ణాశయంలో ముప్పాతిక వంతుకు పైగా తీసేస్తారు. మిగిలేది సన్నని అరటికాయ ఆకారంలో ఉండే గొట్టం, మొదట్లో దానిలో 100, 150 మిల్లీలీటర్లకు మించి పట్టదు. ఆకలిని పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ప్రధానంగా తయారయ్యే పైభాగం కూడా ఆ తీసేసిన ముక్కతోనే పోతుంది. అందువల్ల చాలామందికి మొదటి నెలల్లో కడుపులో ఆకలి పెద్దగా వేయదు. అయినా పోపు వాసనకు మీకు ఏడుపు వస్తోందంటే, అది కడుపు ఆకలి కాదు. నేను దానికి చేతి ఆకలి అని పేరు పెట్టుకున్నాను. ఒంటిగంటకు చెయ్యి కంచం వైపు వెళ్తుంది, సాయంత్రం అయిదింటికి పకోడీల పొట్లం వైపు వెళ్తుంది, మనసు బాగోకపోతే బెల్లం డబ్బా వైపు వెళ్తుంది. డాక్టర్లు కోసింది కడుపునే కదా, చేతికి ఆ కబురు అందడానికి నెలలు పడుతుంది.

ఆ చేతికి పని చూపించింది కూడా మా అత్తగారే. సాయంత్రం అయిదింటికి దూది పళ్లెం ముందు పెట్టుకుని ఆవిడ వత్తులు చేస్తుంటే నేనూ కూర్చున్నాను. మొదటి రోజు పదిహేను చేశాను, అన్నీ వంకరే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య విభూతి రాసుకుని దూదిని లాగి మెలితిప్పే ఆ పనిలో చెయ్యి ఖాళీగా ఉండదు, దూదిని నోట్లో పెట్టుకోలేం, ఎదురుగా ఒక మనిషి ఉంటుంది. కార్తీకమాసానికి లక్షవత్తుల నోముకు కావలసినవాటిలో సింహభాగం నా ఆకలి వేళల్లో తయారైనవే. మీకు వత్తులు కాకపోతే కుట్టుపని, ముగ్గుల పుస్తకం, ఏదో ఒకటి. చేతులు రెండూ పట్టే పని అయితే చాలు. టీవీ, ఫోను మాత్రం పనికిరావు, వాటిలో వంటల వీడియోలే కనిపిస్తాయి.

ఇక తిండి. డిశ్చార్జి రోజున నాకిచ్చిన కాగితంలో క్లియర్ సూప్, యోగర్ట్, మాష్డ్ పొటాటో అని రాసి ఉంది. మన వంటింటి భాషలో ఒక్క ముక్క లేదు. నేను దాన్ని ఇలా తర్జుమా చేసుకున్నాను: మొదటి రెండు వారాలూ వడగట్టిన పెసరకట్టు, కందికట్టు తేట, పల్చటి మజ్జిగ, నీళ్లలో కలిపిన ప్రోటీన్ పొడి, మూడు, నాలుగు వారాల్లో గరిటెజారుగా మిక్సీ వేసిన పప్పు, కూరలు, అయిదో వారం నుంచి మెత్తగా ఉడికిన గుడ్డు, ముళ్లు తీసిన చేప. ఇందులో నేను చేసిన ఒక పెద్ద పొరపాటు మీకు చెప్పాలి. మా ప్రాంతంలో చోడి (రాగి) అంబలిని మించిన బలం లేదని నమ్మకం. ఒడియా ఇళ్లలోనూ మాండియా జావు అంటూ దాన్నే పోస్తారు. నేను మూడో వారమంతా పప్పుకట్టులను పక్కన పెట్టి చోడి జావ మీదే గడిపాను. రెండు చెంచాల చోడి పిండిలో ప్రోటీన్ రెండు గ్రాములకు మించదు. మనకు రోజుకు కావలసింది 60 గ్రాములకు తక్కువ కాకూడదు. పొట్ట నిండినట్టే ఉంటుంది, కాళ్లు మాత్రం లాగేస్తుంటాయి. ఒడిశాలో ఉన్నందుకు మనకు దొరికే వరం ఛెనా, అంటే పాలు విరగ్గొట్టి నీళ్లు వడగట్టగా మిగిలే ముద్ద. వందగ్రాముల ఛెనాలో 15 గ్రాములకు పైగానే ప్రోటీన్ ఉంటుంది, మెత్తగా ఉంటుంది, రాయగడలో ఏ మిఠాయి దుకాణంలో అడిగినా పంచదార కలపనిది ఇస్తారు. అయిదో వారం నుంచి రెండు చెంచాల ఛెనాను మజ్జిగతో మెదిపి తినడం మొదలుపెట్టాక నేను మేడ మెట్లు ఆగకుండా ఎక్కగలిగాను. మీరు మీ డైటీషియన్‌ను ఒకసారి అడిగి మొదలుపెట్టండి. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు, తిన్న అరగంట దాకా కూడా తాగకూడదు. ఇది నాకు అన్నింటికన్నా కష్టమైన నియమం, ఇప్పటికీ పెళ్లి భోజనాల్లో చెయ్యి గ్లాసు మీదికి వెళ్తుంది.

మనసు బాగోలేదనుకున్నవాటిలో ఇంకొకటి మందు వల్ల వచ్చింది. రెండో వారం చివర్లో మంచం మీంచి లేస్తే కళ్లు బైర్లు కమ్మేవి, గుండె జారినట్టుండేది, ఏ పనీ చేయబుద్ధి కాకపోయేది. డిప్రెషన్ అని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఇక్కడి మా డాక్టరుగారు బీపీ చూస్తే 94/60. డిశ్చార్జి కాగితంలో "పాత మందులు కొనసాగించండి" అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. తిండి పదో వంతుకు తగ్గి, ఒంట్లో నీరు తగ్గి, బరువు తగ్గుతున్న మనిషికి పాత మోతాదు బీపీ మాత్ర ఎక్కువవుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఆయన విశాఖపట్నం సర్జన్‌తో మాట్లాడి మాత్రను సగం చేశారు, షుగరు మందునూ తగ్గించారు. మూడు రోజుల్లో నేను మళ్లీ మనిషినయ్యాను. మీకు షుగరు, బీపీ, థైరాయిడ్ మందులు ఉంటే ఈ వారంలోనే చూపించుకుని మోతాదు అడగండి, సొంతంగా మాత్రం ఆపకండి. ఇదివరకు నిద్రకో, మనసుకో మందులు వాడినవాళ్లయితే ఆ సంగతి కూడా దాచకండి.

బరువు ఆగిపోవడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మొదటి రోజుల్లో శరీరం కాలేయంలోనూ కండరాల్లోనూ దాచుకున్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వను ఖర్చుపెడుతుంది, దానితోపాటు పట్టి ఉన్న నీరూ పోతుంది, అందుకే కాటా గబగబా దిగుతుంది. తర్వాత ఆ నిల్వ కొంత తిరిగి చేరేటప్పుడు నీరూ చేరుతుంది. కొవ్వు కరుగుతున్నా ముల్లు కదలదు. నాకు ఎనిమిది రోజులు ఆగింది. మా వారు కాటాను అటక మీద పెట్టేశారు. నెల నిండే నాటికి తొమ్మిది కిలోలు, ఏడాదికి 35 కిలోలు తగ్గాను. ఇప్పుడు 74 దగ్గర ఉన్నాను.

నడక సంగతి. మొదటి రోజు నుంచే ఆసుపత్రిలో నడిపించింది కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి. ఇంటికొచ్చాక నేను గదిలోనే గంటకు అయిదు నిమిషాలు నడిచేదాన్ని, నెల దాటాక ఉదయం ఎండ ఎక్కకముందే మహేంద్రతనయ నది గట్టుదాకా వెళ్లి వచ్చేదాన్ని. నీళ్ల బిందె, బియ్యం బస్తా లాంటి బరువులు ఆరు వారాలు ముట్టుకోకండి. పిక్కలో ఒకవైపే నొప్పీ వాపూ వచ్చినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, కూర్చుని ఉండగానే నాడి 120 దాటినా, జ్వరంతో కడుపునొప్పి, ఎడమ భుజం నొప్పి వచ్చినా అది దిగులు కాదు, అత్యవసరం. తెల్లవారే దాకా ఆగకూడదు. వాంతులు ఆగకుండా అవుతూ ఏదీ నిలవకపోయినా అంతే. విటమిన్ బి1 పడిపోయి చూపు రెండుగా కనపడటం, నడక తూలడం, మాట తికమకపడటం దాకా వెళ్తుంది, సెలైన్‌తోపాటు ఆ విటమిన్ కూడా ఎక్కించాలి.

ముందే తెలిస్తే బెంగపడకుండా ఉంటారని ఇంకో సంగతి. జుట్టు. నాకు సరిగ్గా జూన్‌లో, ఒడియావాళ్ల రొజొ పండగనాడు, పక్కింటి పిల్లలు వేపచెట్టుకు కట్టిన ఉయ్యాల ఊగుతుంటే మేడ మీద తల దువ్వుకుంటున్నాను. దువ్వెన నిండా కుచ్చు వచ్చింది. మూడో నెలలో మొదలై ఆరు, ఏడు నెలల దాకా రాలుతుంది, వేర్లు చావవు కనుక మళ్లీ మొలుస్తుంది. ప్రోటీన్, ఐరన్ తక్కువైతే ఇంకా ఎక్కువ రాలుతుంది, కాబట్టి మూడో నెల రక్తపరీక్షలో ఐరన్, బి12, విటమిన్ డి తప్పక చూపించుకోండి. మల్టీవిటమిన్, కాల్షియం జీవితాంతం వేసుకోవలసినవే; బరువు తగ్గాక మానేసి రెండో ఏట రక్తహీనతతో వచ్చినామెను నేను చూశాను. పిత్తాశయంలో రాళ్లు రాకుండా ఆరు నెలలు మాత్ర రాసి ఉంటే దాన్నీ మధ్యలో వదలకండి. నెలసరి తారుమారవుతుంది, బరువు తగ్గినకొద్దీ గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది గనుక, ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా ఏం చేయాలో డాక్టరును అడగండి.

ఇంట్లోవాళ్ల గురించి మీరు రాయలేదు గానీ, నేను రాస్తాను. నా ముందు తినలేక మా వారు వారంపాటు బయట తిని వచ్చారు. చొక్కాకు ఉల్లిపాయ బజ్జీ వాసన. అది నాకు తిండి లేకపోవడం కంటే ఎక్కువ బాధ కలిగించింది, ఎందుకంటే మా ఇంట్లో రాత్రి భోజనమే అందరం మాట్లాడుకునే వేళ. నేను పోగొట్టుకున్నానని ఏడ్చింది అన్నం కోసమా, ఆ కూర్చోవడం కోసమా అని అప్పుడు తేలింది. మర్నాటి నుంచి ఆయన కంచం పక్కన నా ఉగ్గుగిన్నె పెట్టుకుని కూర్చున్నాను. వాళ్లు తినే ఇరవై నిమిషాల్లో నేను ఒకటిన్నర గిన్నెల పెసరకట్టు తాగేదాన్ని. మీ ఇంట్లో కూడా మిమ్మల్ని గదిలో ఉంచి వాళ్లు వంటింట్లో తింటుంటే, జాలితోనే అలా చేస్తున్నా, మాన్పించండి.

ఇన్ని చేసినా తగ్గని దిగులు వేరు. నీళ్లు సరిపోతున్నాయి, బీపీ సరిగా ఉంది, అయినా రెండు వారాలు వరసగా దేని మీదా ఆసక్తి లేకపోయినా, నేను బతికి లేకపోతేనే బాగుండునన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అది వైద్యం కావలసిన విషయం. ఈ ఆపరేషన్ అయినవాళ్లలో కొందరికి, బరువు చక్కగా తగ్గినప్పటికీ, ఏడాది రెండేళ్ల తర్వాత కుంగుబాటు తిరిగి వస్తుందనీ, ఆత్మహత్య ఆలోచనల ముప్పు కొంత ఎక్కువేననీ పరిశోధనల్లో తేలింది. నేను అయిదో నెలలో బరంపురం వెళ్లి మానసిక వైద్యుడిని కలిశాను, ఎనిమిది నెలలు మాత్ర వేసుకున్నాను, పాఠశాలలో ఎవరికీ తెలియదు. నా సమయానికి లేనిది, మీకున్నది 14416. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను నంబరు అది, డబ్బు పడదు, రాత్రయినా పలుకుతారు, భాష ఎంచుకునే వీలుంది. ఈ రాత్రి నిద్ర పట్టకపోతే చేయండి, పెద్ద కారణం ఉండాలని లేదు.

ఇక పెళ్లి. అప్పటికి మీకు ఏడో వారమో, ఎనిమిదో వారమో నడుస్తుంటుంది, మెత్తటి పదార్థాలు కొద్దికొద్దిగా తినగలుగుతారు. మీ ఆడపడుచుకూ, మీ పక్కన కూర్చునే ఒక మనిషికీ నిజం చెప్పండి. మిగతావాళ్లకు "కడుపు ఆపరేషన్ అయింది, డాక్టరు ఇంకా తిననివ్వడం లేదు" అంటే చాలు; అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు, మన పెద్దవాళ్లు ఆపరేషన్ అన్న మాట వినగానే బలవంతపెట్టడం మానేస్తారు. నన్ను గుణుపురంలో ఒక పెళ్లిలో మా పెద్దమ్మ పదిమందిలో "ఏటే ఇలగ చిక్కిపోయావు, షుగరు ముదిరిందేటి?" అని అడిగింది. "తగ్గిందమ్మా, మాత్రలు కూడా సగం అయ్యాయి" అన్నాను. ఆ తర్వాత ఆవిడే నా పక్కన కూర్చుని వడ్డించేవాళ్లను అడ్డుకుంది. అదే ఏడాది జులైలో రథయాత్రకు పూరీ వెళ్లొచ్చిన వాళ్లు నిర్మాల్యం, అంటే జగన్నాథుడి ఎండబెట్టిన అన్నప్రసాదం, తెచ్చి ఇస్తే, రెండు ఎండు మెతుకులు కళ్లకద్దుకుని నోట్లో వేసుకుని, నలిగేదాకా నమిలాను. రెండు మెతుకులు పెట్టి "ఇంకా తిను" అని ఎవరూ అనని భోజనం నాకు ఆ ఏడాది అదొక్కటే.

పంక్తిలో విస్తరి ముందు కూర్చోకండి, విస్తరి ఖాళీగా ఉంటే వడ్డించేవాళ్ల చెయ్యి ఊరుకోదు. పెరుగు గిన్నె ఒకటి చేతిలో పట్టుకుని తిరగండి. ఇంటి దగ్గరే ఛెనా తినేసి బయలుదేరండి. పెళ్లి ఏ ఊళ్లోనో రాయలేదు. పార్వతీపురం వైపైతే బస్సులో కాకుండా రైల్లో వెళ్లండి, గంటకోసారి లేచి నాలుగడుగులు నడవడానికీ, గిన్నెలోని నీళ్లు ఒలకకుండా తాగడానికీ వీలుంటుంది.